గడప ముందు పోసిన నీళ్ళు

...మెట్లు ఎక్కువున్న చోటే మొదట పెట్టాలి. విమానం దిగిన మర్నాడే. ఇంకా నిద్ర తీరకముందే, పాదాల వాపు తగ్గకముందే. దా నాంగ్ ఊరి పక్కన పాలరాతి కొండలున్నాయి. కొండ కడుపులో గుడి. గుడి దాకా రాతిలో తొలిచిన మెట్లు, నవంబరు వానలకి పాచి పట్టి జారే మెట్లు. యోర్దానా మోకాళ్ళకి ఈ ఇంటి రెండో అంతస్తే ఎక్కువ. అక్కడ సగం ఎక్కాక ఆగుతుంది, రొప్పుతుంది, పట్టుకోవడానికి చెయ్యి చాస్తుంది. ఆ చేతికి అందనంత పైమెట్టు మీద నిలబడి, కిందికి చూసి, నెమ్మదిగా అడగాలి. వదినా, మూడు రోజులట కదా?

లేదు, అప్పుడే అడక్కూడదు. అడిగితే ఏదో జవాబు చెబుతుంది. జవాబు వింటే కోపం కొంత చల్లారుతుంది. చల్లారకూడదు. ముందు ఎక్కించాలి, తర్వాత దించాలి, తర్వాత వానలో నడిపించాలి. ఆ తర్వాత అడగాలి.

రుమ్యానా పెన్సిలు కొన నాలుకకి తాకించుకుంది. వంటగది బల్ల మీద వియత్నాం మ్యాపు పరిచి ఉంది. ఒక మూల మిరప పచ్చడి సీసా, ఇంకో మూల ఉప్పు డబ్బా బరువు పెట్టింది. రిటైరయ్యేదాకా డాన్యూబ్ ఒడ్డున ఉన్న రూసే ఊరి పిల్లలకి భూగోళం చెప్పింది. గోడ మ్యాపు మీద కర్రతో ఆసియా అంతా తిప్పింది. తను మాత్రం ఆ ఖండంలో కాలు పెట్టలేదు. ఇదే మొదటి ప్రయాణం. తనూ, భర్త కామెన్, అతని అక్క యోర్దానా. వేసవంతా ఈ మ్యాపు ముందు కూర్చుంటే ఆకలి గుర్తొచ్చేది కాదు. హనోయ్‌లో ఏ వీధిలో పట్టు, ఏ వీధిలో రేకు సామాను, ఏ వీధిలో కాగితపు బొమ్మలు అమ్ముతారో కళ్ళు మూసుకుని చెప్పగలిగేది.

పోయిన ఆదివారం నుంచి అదే మ్యాపు మీద ఆమె వేరే ప్రయాణం గీస్తోంది.

"ఉప్పు చాల్లేదమ్మాయ్!" బాల్కనీలోంచి యోర్దానా కేక వేసింది. చలికాలానికి క్యాబేజీ ఊరబెట్టిన పీపా మూత తీసి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూస్తోంది. "ఈ పులుపు నీళ్ళు రోజూ కిందివి పైకి తోడకపోతే జిగురు పట్టేస్తుంది. మనం లేనన్నాళ్ళూ ఎవరు చూస్తారు?"

"నేను తోడతాలే," అన్నాడు ఆసెన్. కామెన్‌కీ యోర్దానాకీ తండ్రి. రేడియో పక్కన కుర్చీలో, మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. పోయిన చలికాలం ఆయన గుండె ఒకసారి ఆగినంత పని చేసింది.

"నువ్వా నాన్నా? నీళ్ళ గ్లాసు కూడా ఎత్తొద్దన్నాడు డాక్టరు."

"రాకియా సారా గ్లాసు ఎత్తొద్దన్నాడే. నీళ్ళ గ్లాసు సంగతి ఆయన అనలేదు, నేను అడగలేదు."

"నవ్వొస్తోందా? ఊళ్ళో లేనప్పుడు ఏదైనా అయితే?"

"అయితే ఏముంది, చస్తాను. మీరేమో అక్కడ కప్పలు తింటూ ఉంటారు. అయినా ఏడాది నుంచీ ఆసియా, ఆసియా అని బుర్ర తింటున్నారు. బస్సెక్కి ఇస్తాంబుల్ పోయి, పడవలో అవతలి ఒడ్డుకి దాటితే అది ఆసియా కాదూ? చేప రొట్టె తిని మర్నాటికి ఇంట్లో ఉండచ్చు. ఏమంటావ్ పంతులమ్మా?"

"అదీ ఆసియానే మావయ్యా," అంది రుమ్యానా, తలెత్తకుండా.

"విన్నావా? పంతులమ్మే ఒప్పుకుంది!"

యోర్దానా చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల మీదికి వంగింది. ఒంటినిండా క్యాబేజీ వాసన. "నా పట్టు సంగతేం చేశావ్? హోయ్ ఆన్‌లో పొద్దున్న కొలతలిస్తే మర్నాటికి కుట్టి చేతిలో పెడతారట, టీవీలో చూశాను. ముదురు నీలం తీసుకుంటాను. పెళ్ళికూతురి తల్లినని దూరం నుంచే తెలియాలి. మా వియ్యపురాలు బుర్గాస్ నుంచి ఏదో రాళ్ళు కుట్టిన గౌను తెప్పించిందట. దాని కళ్ళు తిరగాలి."

"పట్టు బట్టలో నువ్వు కనిపిస్తే వియ్యపురాలికే కాదు, పెళ్ళికొడుక్కీ కళ్ళు తిరుగుతాయి," అన్నాడు ఆసెన్.

"నువ్వుండు నాన్నా. అక్కడ ఎన్నాళ్ళుంచావమ్మాయ్?"

"ఉంచాను వదినా. సరిపోయినంత."

ఒక్క సాయంత్రం ఉంచింది. ఆదివారం సాయంత్రం. వీధంతా దీపాలు వేలాడుతుంటాయి, దుకాణం బొమ్మలకి పట్టు తొడిగి ఉంటుంది. యోర్దానా వేళ్ళతో తడుముతుంది, రంగు ఎంచుతుంది, కొలతలకి చేతులెత్తి నిలబడుతుంది. రేపు పొద్దున్నే బస్సు, కుట్టే వేళ లేదు అని అప్పుడు చెప్పాలి. కావలసింది కళ్ళెదుట ఉండి చేతికి అందకపోవడం ఎలా ఉంటుందో ఆమెకీ తెలియాలి కదా.

తన ఆలోచనలో ఎక్కడా కేక లేకపోవడం రుమ్యానాకే వింతగా ఉంది. బడిలో పరీక్ష పేపరు తయారుచేసినంత శ్రద్ధగా సాగుతోంది పని. పగ ఇంత శుభ్రంగా ఉంటుందని ఆమెకి తెలియదు.

పోయిన ఆదివారం అమ్మకి ఏటేటా చేసే స్మరణ. చర్చి వాకిట్లో పంచదార కలిపిన ఉడికించిన గోధుమలు అందరికీ తలో చెంచా పెడుతుంటే, తోతా అనే ముసలావిడ కుంటుకుంటూ వచ్చింది. ఆసుపత్రిలో అమ్మ పక్క మంచం ఆమెది. గోధుమలు నములుతూ, మామూలు మాటలా అనేసింది. "మూడు రోజులూ నీ పేరే తలుచుకుందమ్మా. రుమ్యానా ఏదీ, రుమ్యానా ఏదీ అని. నాకు నిద్ర పట్టనిస్తేనా!"

మూడు రోజులు. ఇన్నేళ్ళూ రుమ్యానాకి చెప్పింది ఒక్క క్షణమని. అమ్మ కాఫీ కలుపుతూ ఒరిగిపోయిందని, నొప్పి కూడా తెలియలేదని. అప్పుడు తను బడి స్నేహితులతో బాల్చిక్‌లో, సముద్రం ఒడ్డున ఉంది. బయల్దేరిన పొద్దున్న అమ్మే గడప ముందు రాగి చెంబుతో నీళ్ళు పోసింది, దారి నీళ్ళలా సాగిపోవాలని. రోజూ సాయంత్రం అమ్మకి ఫోన్ చేస్తే యోర్దానా ఎత్తేది. "మీ అమ్మ నిద్రపోతోందమ్మాయ్. లేపమంటావా?" వద్దు, నిద్రపోనీ అని తనే అంది.

అనుకున్న దానికన్నా ముందు బస్సుకి తిరిగొచ్చింది. చేతిలో అమ్మకోసం అంజూరపు జామ్ సీసా. కింద వీధి తలుపుకి, ఊళ్ళో ఎవరు పోయినా అంటించే నల్ల అంచు కాగితం. అందులో ఫోటో. ఎవరింట్లోనో పాపం అనుకుంది ముందు. కళ్ళజోడు సర్దుకుని చదివింది.

కామెన్ అప్పటికి బస్టాండులో ఆమె కోసం ఎదురుచూస్తున్నాడట, మెల్లగా చెబుదామని.

ఫోన్ ఎత్తింది యోర్దానా. అబద్ధం ఆడింది యోర్దానా. అందుకే యోర్దానా మెట్లెక్కాలి.

కామెన్ లోపలి గదిలోంచి ఫోన్‌లో మాట్లాడుతూ వచ్చాడు. పొడుగాటి మనిషి, ఇంట్లో ఏ గుమ్మం దాటినా తల కొంచెం వంచుతాడు, అవసరం లేకపోయినా. అవతల మాట్లాడుతున్నది ఎదురింటి స్తాన్కా. వాళ్ళు లేనప్పుడు ఆసెన్‌ని కనిపెట్టుకుని ఉండటానికి ఒప్పుకుంది.

"మందులు పొద్దున్న తెల్లవి, సాయంత్రం పచ్చవి... ఆఁ... లేదు స్తాన్కా, మొహమాట పడొద్దు. ఏ చిన్న నలతైనా సరే, ఆ క్షణమే ఫోన్ చెయ్యి. అర్ధరాత్రైనా సరే, మేం ఏ కొండ మీదున్నా సరే. మొదటి విమానం పట్టుకుని వచ్చేస్తాను. తండ్రికన్నా ప్రయాణం ఎక్కువా?"

రుమ్యానా చేతిలో పెన్సిలు కొన మ్యాపులోకి దిగబడి విరిగింది.

"ఇందాక ఏమన్నావ్ కామెన్?"

"ఎప్పుడు?"

"ఫోన్‌లో. ఆఖరి మాట."

"నాన్నకేమైనా అయితే చెప్పమన్నాను. ఏం?"

"సెలవు పాడైపోదూ?"

కామెన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆసెన్ చెయ్యి చాచి రేడియో ఆపేశాడు.

కొండ మీద కోసం దాచుకున్న మాట, వంటగదిలో, క్యాబేజీ వాసన మధ్య నోట్లోంచి జారిపడింది.

"వదినా, మూడు రోజులట కదా?"

యోర్దానా మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు కూర్చుని, తర్వాతే ఆలోచించింది. "ఎవరు చెప్పారు?"

"కాదని అనవే?"

"ఎవరు చెప్పారని అడుగుతున్నాను."

"గోధుమలు తినడానికి వచ్చినావిడ చెప్పింది. ముక్కూ మొహం తెలియని మనిషి. ఇంట్లో వాళ్ళు చెప్పలేదు."

"రుమ్యానా, ఇప్పుడవన్నీ ఎందుకు," అన్నాడు కామెన్. "ప్రయాణం ముందు..."

"నువ్వాగు. నేను మీ అక్కని అడుగుతున్నాను. వదినా, మా అమ్మ నోరు తెరిచి నన్ను పిలుస్తుంటే, నిద్రపోతోందని ఎలా అన్నావ్? ఆ నాలుక ఎలా తిరిగింది? అదే నాలుకతో ఇప్పుడు నీలం పట్టు కావాలంటున్నావే!"

యోర్దానా మొహం కందగడ్డయింది. తమ్ముడి వైపు చూసింది. కామెన్ కిటికీలోంచి వీధిలోని లిండెన్ చెట్ల మోడు కొమ్మల్ని చూస్తున్నాడు. ఆమె చాలాసేపు చూసింది, అతను తిరగలేదు.

"చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది యోర్దానా.

కామెన్ కిటికీ అద్దం మీద మరక తుడవసాగాడు.

"వారం రోజులుగా చూస్తున్నాను. ఇది నన్ను చూపులతో ముక్కలు కోస్తుంటే, నువ్వు సూపు తాగుతూ కూర్చున్నావ్. తమ్ముడివి కదా అని నేనూ నోరు కుట్టుకున్నాను. ఇక నావల్ల కాదు." రుమ్యానా వైపు తిరిగింది. "మొదటి రోజే నీకు ఫోన్ కలిపాను. ఆసుపత్రి వరండాలో. మోగుతోంది కూడా. వీడు నా చేతిలోంచి లాక్కుని ఆపేశాడు. దాని సెలవు పాడుచెయ్యడం ఎందుకు, ఇవాళో రేపో ముసలావిడ లేచి కూర్చుంటుంది అన్నాడు. మర్నాడూ అదే మాట. మూడో రోజు ఇక చెప్పడానికి ఏం మిగిలింది?"

పగ అనేది ఇంట్లోని బీరువా లాంటిది. ఒక గోడకి ఆనించిన దాన్ని ఇంకో గోడకి జరపాలంటే బరువు ముందు కాళ్ళ మీద పడుతుంది. రుమ్యానా రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. తన పక్కన పడుకునే మనిషి. అంజూరపు జామ్ సీసా చేతిలోంచి తీసుకుని, ఏడవకు ఏడవకు అన్న మనిషి. ఆ సీసా ఆ చలికాలం రొట్టె మీద రాసుకు తిన్నది కూడా అతనే.

"నిజమా?"

"నీ మంచికే..." కామెన్ ఇటు తిరిగాడు. "అత్తయ్య నీళ్ళు పోసి మరీ పంపింది నిన్ను. నీళ్ళు పోశాక దారిలోంచి మనిషిని వెనక్కి తిప్పకూడదు అంటారు మనవాళ్ళు. ఆవిడే అంది, తిప్పొద్దని."

"అబద్ధం!" యోర్దానా బల్ల మీద కొట్టింది. ఉప్పు డబ్బా పక్కకి ఒరిగింది. "చచ్చినావిడ నోట్లో మాటలు కుక్కకురా. అక్కడ కూర్చున్నది నేను. కళ్ళు తెరిచినప్పుడల్లా తలుపు వైపే చూసింది. 'నీళ్ళు పోసే పంపాను, దారి బాగా సాగుతుంది, వచ్చేస్తూ ఉంటుంది' అంది. అదీ ఆవిడ అన్న మాట."

పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపారు.

"నువ్వు ఏడిస్తే నేను చూడలేను," అన్నాడు కామెన్ చివరికి. చాలా చిన్న గొంతుతో. "అంతే. ఇంకేం లేదు. ఫోన్‌లో ఏడుస్తావు, ఆసుపత్రిలో ఏడుస్తావు... రెండు రోజులు ఆగితే ఆవిడ బాగైపోతుందేమో అనిపించింది. నేను చూడలేను."

రుమ్యానా తల ఊపలేదు, అరవలేదు. అతను ఎదురుచూస్తున్న ఏడుపు రాలేదు. ఆ రాకపోవడాన్ని అతను క్షమించడం అనుకున్నాడని అతని భుజాలు వదులవడంలోనే ఆమెకి తెలిసింది.

"లాక్కున్నది ఫోన్ కదా వదినా," అంది యోర్దానాతో, మామూలు గొంతుతో. "నాలుక లాక్కోలేదుగా? ఇన్నేళ్ళలో ఒక్క పూట నాతో చెప్పి ఉండచ్చు."

యోర్దానా చేతులు ఒలికిన ఉప్పుని కుప్పగా చేర్చసాగాయి.

ఆసెన్ దుప్పటి మడిచి, లేచి, గోడ పట్టుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయాడు. జోకు వెయ్యకుండా ఆయన గది దాటి వెళ్ళడం అదే మొదటిసారి.

తర్వాతి రోజుల్లో ఇల్లు మాటల్ని పొదుపుగా వాడుకుంది. ఉప్పు అందుకో. లైటు ఆపు. పాస్‌పోర్టులు ఎక్కడ? రుమ్యానా మళ్ళీ మ్యాపు ముందు కూర్చుంది. రబ్బరుతో పాలరాతి కొండలు తుడిచేసింది. హోయ్ ఆన్ పక్కన ఒక్క సాయంత్రానికి బదులు మూడు పూటలు రాసింది. కుట్టుపని చేసే వీధి, దాల్చినచెక్క దొరికే బజారు, మోకాళ్ళు నొప్పెట్టినప్పుడు కూర్చోడానికి నది ఒడ్డున కాఫీ కొట్టు. వానకాలం కనుక రబ్బరు బూట్లు.

కామెన్ ఆమె భుజం మీంచి తొంగి చూశాడు. మెట్లు పోవడం గమనించాడు. ఆ సాయంత్రం కాల్చిన చెస్ట్‌నట్ కాయలు కాగితం పొట్లంలో తెచ్చి ఆమె ముందు పెట్టాడు, వేడి వేడిగా.

"కోపం పోయిందా?"

"నీ పెట్టెలో గొడుగు పెట్టాను. పైనే ఉంది."

"నాకు తెలుసు, నువ్వు మనసులో ఉంచుకోవని."

ఆమె ఒక కాయ ఒలిచింది. లోపల పుచ్చు లేదు. తినేసింది.

మనసులో ఉంచుకోకపోవడం అంటే అతని దృష్టిలో శబ్దం చెయ్యకపోవడం. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఇప్పుడే అర్థమైందా, లేక అర్థమైనదాన్ని ఇప్పుడే ఒప్పుకుంటోందా? ఒకరోజు మంచం మీద తన పెట్టె తెరిచి, బట్టలు సర్దబోయి, ఆగింది. ఖాళీ పెట్టె లోపలి గళ్ళ గుడ్డ వైపు చూస్తూ ఉండిపోయింది. హనోయ్ ఎటూ పోదు. ఇన్నాళ్ళూ కర్ర కొసన ఉన్న ఊరు, ఇంకొన్నాళ్ళు ఉంటుంది. పెట్టె మూసి, ఖాళీగానే తాళం వేసింది.

బయల్దేరే పొద్దున్న డాన్యూబ్ మీంచి మంచు వీధుల్లోకి ఎక్కి వచ్చింది. వంతెన దాటి బుకారెస్ట్ విమానాశ్రయానికి తీసుకెళ్ళే వ్యాను కింద ఆగి ఉంది. యోర్దానా అప్పటికే లోపల కూర్చుని మోకాళ్ళ మీద శాలువా కప్పుకుంది. కామెన్ రెండు పెట్టెలు దించి, మూడోదాని కోసం పైకి కేకేశాడు.

"నాది నేను తెచ్చుకుంటాను!" అన్న జవాబు వచ్చింది.

తర్వాత రుమ్యానా మెట్లు దిగి వచ్చింది. ఒంటి మీద కోటు లేదు. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు. రెండు చేతుల మధ్య అమ్మ రాగి చెంబు, అంచు దాకా నీళ్ళు. నీళ్ళ మీద ఒక జెరేనియం పువ్వు.

"చెంబు నువ్వెందుకు తెచ్చావ్? నీళ్ళు స్తాన్కా పోస్తానంది కదా," అన్నాడు కామెన్.

"స్తాన్కాని రావద్దన్నాను. ఇంట్లో ఉండే మనిషే పొయ్యాలి కదా."

అతను నవ్వబోయాడు. ఆ చెప్పుల్ని చూశాడు. ముందు అర్థమైంది మాత్రం యోర్దానాకి. వ్యాను అద్దం దించి, "రుమ్యానా!" అంది. "ఏంటమ్మాయ్ ఇది? నాన్న..."

"మావయ్య దగ్గర ఎవరో ఒకరుండాలిగా వదినా. క్యాబేజీ నీళ్ళు కూడా తోడాలి. నువ్వు నిదానంగా కొలతలివ్వు. నీలం నీకు నప్పుతుంది."

"నువ్వు రావడం లేదా?" కామెన్ మొహంలో ఒక్కో కండరమూ విడివిడిగా కదిలింది. "సరే. సరే, నీ ఇష్టం. రోజూ ఫోన్ చేస్తాను. నాన్నకేమైనా అయితే..."

"అయితే నేనుంటాను. నీకు చెప్పను."

"ఏంటీ?"

"చెప్పను కామెన్. నువ్వు ఫోన్ చేస్తే, నిద్రపోతున్నాడని అంటాను. లేపమంటావా అని అడుగుతాను. అంత దూరం వెళ్ళాక నీ సెలవు పాడుచెయ్యడం ఎందుకు?"

పైన కిటికీ తెరుచుకుంది. ఆసెన్ పైజమా మీద స్వెట్టరు వేసుకుని, జుట్టు రేగి, కిందికి వంగాడు. "ఏంట్రా ఇంకా కదల్లేదు? ఆసియా మీకోసం కాచుక్కూచుంటుందా?" అని అరిచి, దగ్గు తెర వచ్చి, కిటికీ చెక్క పట్టుకుని ఆగకుండా దగ్గసాగాడు.

కామెన్ తండ్రిని చూశాడు, తర్వాత భార్యని. ఆమె నిలబడిన తలుపు మీద, కంటి ఎత్తులో, ఎప్పుడో ఊడదీసిన కాగితం తాలూకు జిగురు మరక ఇంకా నలుచదరంగా ఉంది. వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు. దగ్గు ఆగలేదు.

అతను ఒక అడుగు తలుపు వైపు వేశాడు.

రెండో అడుగు పడేలోగా రుమ్యానా చెంబు వంచింది.